బతికున్నవాళ్ల లెక్క

1943 మార్చి 3 రాత్రి. తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో సైరన్ మోగింది. ఇంకా రైళ్లు నడవని భూగర్భ స్టేషనే ఆ పేటకు తలదాచుకునే చోటు. వానకు తడిసిన మెట్లు, చీకటి, లోపలికి ఒకటే దారి. ఒకరు తూలిపడ్డారు, వెనకవాళ్లు మీద పడ్డారు. ఊపిరాడక 173 మంది పోయారు, అందులో 62 మంది పిల్లలు. ఆ రాత్రి అక్కడ ఒక్క బాంబూ పడలేదు.

పోయినవాళ్ల లెక్క తేలింది. ఆ పేటలో అప్పటికి ఉన్నవాళ్లెందరు? 1931లో లక్షా 8 వేలు, 1951లో 58 వేలు. 1941లో జరగాల్సిన జనాభా లెక్కలు యుద్ధంతో ఆగిపోయాయి. 1931 నాటి కాగితాలు కూడా 1942లో గోదాములో మంటలు లేచి బూడిదయ్యాయి. అదీ బాంబు పని కాదు!

ఆదుకున్నది రేషన్ పుస్తకం. 1939 సెప్టెంబరు 29న ఇంటింటి పేర్లూ రాసుకున్నారు, రేషన్‌ను దానికే ముడిపెట్టారు. పేరు సరిగ్గా లేకపోతే వెన్న, చక్కెర రావు. అందుకే జనం దాచలేదు, లెక్క నిలబడింది.

అయినా చిక్కు తీరలేదు. పిల్లల్ని పల్లెలకు పంపేశారు, పడుచువాళ్లు సైన్యంలోకి వెళ్లారు. ముసలివాళ్లే ఎక్కువగా మిగిలిన పేటలో కొత్తగా ఏ జబ్బూ రాకపోయినా మరణాల రేటు పెరుగుతుంది. శిశుమరణాల రేటుకు ఈ బెడద తక్కువ, దాన్ని కట్టేది పుట్టినవాళ్ల మీదే కాబట్టి. ఇంగ్లండ్, వేల్స్‌లలో వెయ్యికి 1939లో 51గా ఉన్న ఆ రేటు 1941లో 60కి ఎక్కి, 1945కల్లా 46కి దిగింది. గర్భిణులకు, పసివాళ్లకు పాలు అందించే పథకం మొదలైంది 1940లోనే.

మన దేశంలో 1941 జనాభా లెక్కలు తీశారు గానీ యుద్ధ ఖర్చుల వల్ల పట్టికలు కుదించారు. 2021వి మహమ్మారి పేరుతో ఆగి 2027కి వాయిదా పడ్డాయి. ఆరేళ్ల ఆలస్యానికి కోవిడ్ ఒక్కటే కారణమంటే మేం నమ్మలేం. ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చే 81 కోట్ల మంది కోటా ఇప్పటికీ 2011 తలల మీదే నడుస్తోంది. కొత్త లెక్క వచ్చేదాకా ఆగకుండా, అంచనా జనాభాతోనైనా కేంద్రం దాన్ని పెంచాలి. ఈలోగా అంతకు మించి ఒక్క కార్డు ఇవ్వాలన్నా రాష్ట్రాలు సొంత డబ్బే పెట్టుకోవాలి.