పేపర్లో డేటా బోలెడు, ప్రశ్న ఏది?

ఇంటిగ్రేటివ్ బయాలజీ, అంటే జన్యువు నుంచి పర్యావరణం దాకా వేర్వేరు స్థాయిలను కలిపి చూసే జీవశాస్త్రం. అలాంటి జర్నల్‌కు పంపిన పేపర్ రివ్యూయర్ల దాకా కూడా వెళ్లకుండా ఎడిటర్ దగ్గరి నుంచే వెనక్కి వస్తే, పరిశోధకులు ముందుగా అనుమానించేది తమ డేటానే. శాంపిళ్లు తక్కువయ్యాయేమో, ఇంకో ప్రయోగం చేసి ఉండాల్సిందేమో, ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ కూడా కలపాల్సిందేమో అనుకుంటారు. కలిపి ఇంకో జర్నల్‌కు పంపుతారు. అదీ తిరిగొస్తుంది. నా ఉద్దేశంలో ఇలాంటి పేపర్లలో చాలావాటికి కొరత డేటాలో లేదు. జన్యువుల సమాచారం ఒక విభాగం, శరీరధర్మాల కొలతలు ఇంకో విభాగం, ఫీల్డ్‌లో చూసినవి మూడో విభాగం. మూడూ ఒకే ఫైల్లో ఉంటాయి. మూడూ కలిస్తే తప్ప జవాబు దొరకని ప్రశ్న మాత్రం ఎక్కడా కనిపించదు.

అలాంటి ప్రశ్న ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో జరిగిన ఒక పరిశోధన బాగా పనికొస్తుంది. అక్కడ టారికా అనే న్యూట్ (బల్లిలా కనిపించే ఉభయచర జీవి) చర్మంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది. కండరాల్లో, నరాల్లో ఉండే సోడియం ఛానళ్లను మూసేసే విషం అది. అయినా గార్టర్ పాము ఆ న్యూట్‌ను మింగి బతుకుతుంది. ఎడ్మండ్ బ్రోడీ అనే ఒకే పేరున్న తండ్రీకొడుకులిద్దరూ ఈ రెండు జీవుల మీద దశాబ్దాల పాటు పనిచేశారు. పాము విషాన్ని ఎంత తట్టుకుంటుందో తేల్చడానికి వాళ్లు ఎంచుకున్న పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. ముందు పామును పాకించి వేగం చూస్తారు. తర్వాత కొలిచిన మోతాదులో విషం ఎక్కించి మళ్లీ పాకిస్తారు. వేగం ఎంత తగ్గిందన్నదే కొలమానం. కొన్ని ప్రాంతాల పాములు విషాన్ని బాగా తట్టుకున్నాయి, మరికొన్ని చోట్ల పాములు తట్టుకోలేకపోయాయి. కారణం కోసం కండరం దగ్గరికి వెళితే, సోడియం ఛానల్ ప్రోటీన్లో కొద్దిపాటి అమైనో ఆమ్లాలు మారాయని, అందువల్ల విషం అక్కడ సరిగ్గా అతుక్కోలేకపోతోందని తేలింది. మరి ఈ లాభానికి పాము ఏమైనా నష్టపోతోందా? విషాన్ని బాగా తట్టుకునే పాములు మామూలుగా ఉన్నప్పుడు కూడా నెమ్మదిగా పాకుతాయని బ్రోడీలు 1999లో చూపించారు.

ఇందులో ఏ స్థాయిలో దొరికిన జవాబూ అక్కడే ఆగిపోలేదు. పై స్థాయికో కింది స్థాయికో కొత్త ప్రశ్నగా మారింది. జన్యువు భాగం తీసేస్తే వేగాల్లో తేడాకు కారణం తెలియదు. ఫీల్డ్ భాగం తీసేస్తే ఆ మార్పు కొన్ని చోట్లే ఎందుకు నిలిచిందో తెలియదు. పేపర్ పంపేముందు ఎవరైనా చేసుకోదగ్గ పరీక్ష ఇదే: ఒక విభాగాన్ని పక్కనపెట్టి ముగింపు పేరా మళ్లీ చదవండి. అది చెక్కుచెదరకుండా నిలబడితే, ఆ విభాగానికి ఈ పేపర్లో పని లేనట్టే. దాన్ని విడిగా ఆ రంగపు జర్నల్‌కు పంపుకోవచ్చు. అందులో తక్కువేమీ లేదు. ఒక్క స్థాయిలో లోతుగా చేసిన పనికి ఉండే విలువ దానికి ఉంటుంది.

జంతువుల ప్రవర్తన మీద పనిచేసిన నికో టిన్‌బర్గెన్ 1963లో నాలుగు ప్రశ్నలను విడదీసి చెప్పాడు. ఒక ప్రవర్తన ఏ యంత్రాంగం వల్ల జరుగుతోంది, జీవి ఎదిగే క్రమంలో ఎలా రూపుదిద్దుకుంది, బతకడానికి ఎలా పనికొస్తోంది, పరిణామంలో ఎలా వచ్చింది. తమ పేపర్ వీటిలో దేనికి జవాబు చెబుతోందో, ఆ జవాబు వల్ల మిగతా ప్రశ్నల్లో ఏది మారుతుందో రచయితలు ఇంట్రడక్షన్‌లోనే రెండు వాక్యాల్లో రాస్తే, ఎడిటర్ పని సగం తేలికవుతుంది. చాలా పేపర్లలో ఆ రెండు వాక్యాలు డిస్కషన్ చివర్లో దొరుకుతాయి. అక్కడిదాకా చదివే తీరిక ఎడిటర్‌కు ఉండదు.

తర్వాతిది జర్నల్ ఎంపిక. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకే రకం జర్నళ్లని అనుకోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. 1961లో అమెరికన్ జువాలజిస్ట్‌గా మొదలై, 2002లో ఇంటిగ్రేటివ్ అండ్ కంపారేటివ్ బయాలజీగా పేరు మార్చుకున్న పత్రికలో, దాన్ని నడిపే సొసైటీ వార్షిక సమావేశంలోని సింపోజియాల వ్యాసాలే ఎక్కువ. అదే సొసైటీ 2019లో మొదలుపెట్టిన ఇంటిగ్రేటివ్ ఆర్గానిస్మల్ బయాలజీ ఓపెన్ యాక్సెస్ జర్నల్, అంటే ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. ఇక ఇంటిగ్రేటివ్ బయాలజీ అన్న పేరుతోనే 2009లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ ఒక జర్నల్ తెచ్చింది. 2019లో అది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ చేతికి వెళ్లింది. కణాలను కొలిచే సాంకేతికత, పరిమాణాత్మక పద్ధతుల వైపు దాని మొగ్గు. బల్లి కాలి కండరాల మీద, అది బతికే చెట్ల మీద రాసిన పేపర్‌ను దీనికి పంపితే, పని ఎంత బాగున్నా తిరిగొస్తుంది. స్కోప్ పేజీ ఒక్కటే చదివితే సరిపోదు. గత రెండేళ్లలో అచ్చయిన పేపర్ల అబ్‌స్ట్రాక్టులు ఓ ఇరవై చదివితే అసలు సంగతి తెలుస్తుంది.

రివ్యూకు వెళ్లిన పేపర్లు ఎక్కడ దెబ్బతింటాయంటే, స్థాయిలు కలిసే చోట. అక్కడ గణాంకాల తప్పులు దాక్కుంటాయి. ఉదాహరణకు, ఒక ట్యాంకులో చల్లటి నీరు, ఇంకో ట్యాంకులో వెచ్చటి నీరు. ఒక్కోదాంట్లో 30 చేపలు. పేపర్లో శాంపిల్ సంఖ్య 60 అని రాస్తారు. కానీ ఉష్ణోగ్రత మారింది ట్యాంకుకు, ఒక్కో చేపకు విడిగా మారలేదు. కాబట్టి ఉష్ణోగ్రత ప్రభావం మీద మనకున్నది ఒక్కో పరిస్థితికి ఒక్క శాంపిలే. చేపల్లో కనిపించిన తేడా నీటి వేడి వల్ల వచ్చిందో, ఆ ట్యాంకు ఫిల్టర్ సరిగా పనిచేయకపోవడం వల్ల వచ్చిందో చెప్పలేం. స్టువర్ట్ హర్ల్‌బర్ట్ 1984లోనే దీన్ని సూడోరెప్లికేషన్ అని పిలిచి ఎండగట్టాడు. ఇంటిగ్రేటివ్ పేపర్లో దీనికి ప్రమాదం మరీ ఎక్కువ. ఎందుకంటే ఒక బొమ్మలో లెక్క కణాలది, ఇంకో బొమ్మలో జీవులది, మూడోదాంట్లో ప్రాంతాలది. ప్రతి బొమ్మ కింద ఏది ఒక యూనిట్టో, అలాంటివి ఎన్ని ఉన్నాయో రాసి తీరాలి.

రకరకాల జాతులను పోల్చే పేపర్లలో ఇంకో చిక్కు ఉంది. దగ్గరి చుట్టరికం ఉన్న జాతులు ఒకేలా ఉండటానికి వాటి పూర్వీకుడు ఒకరే కావడమూ కారణం కావచ్చు. అలాంటి పది జాతులను పది స్వతంత్ర సాక్ష్యాలుగా లెక్కపెట్టకూడదని జోసెఫ్ ఫెల్సెన్‌స్టైన్ 1985లో చూపించి, దాన్ని సరిచేసే పద్ధతి కూడా ఇచ్చాడు. ఇప్పుడు ఆ లెక్కలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎవరికైనా దొరుకుతుంది. వంశవృక్షాన్ని పక్కనపెట్టి గీసిన గ్రాఫ్‌ను రివ్యూయర్ చూసీచూడగానే పట్టుకుంటాడు.

డేటా ఫైళ్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ, పరువు పోయేది ఎక్కువగా ఇక్కడే. సెప్టిన్ కుటుంబపు జన్యువుల పాత పొట్టి పేర్లను (SEPT2 లాంటివి) ఎక్సెల్ సెప్టెంబర్ తేదీలుగా మార్చేస్తుంది. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పేపర్లలో సుమారు ఐదో వంతు వాటిలో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక పరిశీలన బయటపెట్టింది. చివరికి మానవ జన్యువులకు పేర్లు పెట్టే కమిటీయే తగ్గి, ఇలా తేదీలుగా మారే పేర్లను మార్చింది. సీక్వెన్సులు జెన్‌బ్యాంక్ అనే అమెరికా సీక్వెన్స్ బ్యాంకులోనో, అలాంటి యూరప్, జపాన్ బ్యాంకుల్లోనో పెట్టాలి. కొలతలు, కోడ్ డ్రయాడ్, జెనోడో లాంటి ఆన్‌లైన్ డేటా నిల్వల్లో పెట్టాలి. పేపర్ అంగీకరించాక చూద్దాంలే అనుకుంటే, డేటా చూడకుండా తీర్పు చెప్పమని రివ్యూయర్‌ను అడుగుతున్నట్టే. జంతువులతో చేసిన పని అయితే నైతిక కమిటీ అనుమతి నంబరు, జంతు ప్రయోగాలను పేపర్లో ఎలా రాయాలో చెప్పే అరైవ్ మార్గదర్శకాల ప్రకారం వివరాలు కావాలి. ఇంకో దేశం నుంచి తెచ్చిన శాంపిళ్లయితే, జన్యు వనరుల వాడకం, వాటి లాభాల పంపకం మీద నగోయా ఒప్పందం ఉంది. అది 2014 నుంచి అమల్లో ఉంది. ఈ పత్రాలు లేక ఆగిపోయిన పేపర్‌ను ఏ వివరణా కాపాడలేదు.

రచయితల వరుస గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఇలాంటి పేపర్లలో రాత్రిళ్లు వాగుల్లో వల పట్టుకుని నిలబడ్డవాళ్ల పేర్లు కృతజ్ఞతల్లోకి జారిపోవడం, సీక్వెన్సింగ్ చేసిన ల్యాబ్ ముందుకు రావడం తరచూ జరుగుతుంది. ఏ జీవిని ఎక్కడ, ఎప్పుడు, ఎలా పట్టుకోవాలో తెలియకపోతే సీక్వెన్స్ చేయడానికి ట్యూబులో ఏమీ ఉండదు. ఎవరు ఏ పని చేశారో చెప్పమని ఇప్పుడు చాలా జర్నళ్లు అడిగే క్రెడిట్ పట్టికలో 14 రకాల పాత్రలున్నాయి. ఆలోచన, పరిశోధన, విశ్లేషణ, వనరులు, రాత, ఇలా. ఆ పట్టికను సబ్మిట్ చేసే రోజు హడావుడిగా నింపకుండా, పని మొదలుపెట్టిన నెలలోనే అందరూ కూర్చుని నింపుకుంటే తర్వాత గొడవలు ఉండవు, అన్యాయమూ తగ్గుతుంది.

కవర్ లెటర్‌ను చాలామంది మర్యాద కోసం రాసే కాగితంగా చూస్తారు. ఇంటిగ్రేటివ్ జర్నల్ విషయంలో దాని పని వేరు. ప్రశ్న ఒక్క వాక్యంలో, దానికి ఏయే స్థాయిల సాక్ష్యం ఉందో రెండు వాక్యాల్లో రాసి, ఆ తర్వాత ఈ పేపర్‌ను తూకం వేయడానికి ఏయే నైపుణ్యాలు కావాలో చెప్పాలి. ఛానల్ ప్రోటీన్ల మీద ఒకరు, కండర బలం కొలిచేవారు ఒకరు, జనాభా జన్యుశాస్త్రం తెలిసినవారు ఒకరు కావాలని రాస్తే ఎడిటర్‌కు దారి దొరుకుతుంది. రివ్యూయర్ల పేర్లు సూచిస్తే వాళ్ల సంస్థ ఈమెయిళ్లే ఇవ్వాలి. నకిలీ రివ్యూల కారణంగా 2015లో బయోమెడ్ సెంట్రల్ అనే ప్రచురణ సంస్థ ఒకేసారి 43 పేపర్లను ఉపసంహరించింది. అప్పటి నుంచి సూచించిన పేర్లను ఎడిటర్లు అనుమానంగానే చూస్తున్నారు.

ఇంతవరకు చెప్పింది రచయితల బాధ్యత. జర్నళ్ల బాధ్యత అంతకంటే పెద్దదని నా అభిప్రాయం. ముగ్గురు రివ్యూయర్లను పెడతారు. ఒక్కొక్కరూ తమ స్థాయినే చూస్తారు. జన్యువుల మనిషి ఇంకో నాకౌట్ (ఒక జన్యువును పనిచేయకుండా చేసి చూసే ప్రయోగం) అడుగుతాడు. ఫీల్డ్ మనిషి ఇంకో సీజన్ డేటా అడుగుతాడు. మూడో వ్యక్తి రెండూ అక్కర్లేదు, మోడల్ మార్చమంటాడు. ఎడిటర్ ఆ మూడు నివేదికలనూ అతికించి, అన్నిటికీ జవాబివ్వండని పంపిస్తాడు. అసలు ప్రశ్న నిలబడిందా లేదా అన్నది ఎవరూ చూడరు. పరిశోధక విద్యార్థికి మిగిలేది రెండేళ్ల పని, బోలెడు టెన్షన్. దీనికి మందు ఇప్పటికే ఉంది. ఈలైఫ్ అనే జర్నల్ 2012లో మొదలైనప్పటి నుంచే రివ్యూయర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఏది తప్పనిసరో తేల్చే పద్ధతి పెట్టింది. ఎంబో జర్నళ్లలో ఒక రివ్యూయర్ ఇంకొకరి నివేదిక మీద వ్యాఖ్యానించవచ్చు. స్థాయిలను కలిపే పేపర్లు వేస్తామనే జర్నళ్లు స్థాయిలను కలపని రివ్యూతో సరిపెట్టుకోవడం సరికాదు.

ఆ పరిస్థితి మారేదాకా రచయితలు ఎడిటర్‌కు సూటిగా రాయవచ్చు. రెండో రివ్యూయర్ అడిగిన ప్రయోగం చేస్తే ఈ ప్రశ్నకు జవాబు మారదు, ఎందుకు మారదో ఇదీ కారణం, మూడో రివ్యూయర్ అడిగిన విశ్లేషణ మాత్రం చేశాం, ఫలితం ఇదీ. ఇలా కారణంతో కాదన్న జవాబును ఎడిటర్లు గౌరవిస్తారు. అడిగినవన్నీ చేస్తూ పోతే పేపర్ లావెక్కుతుంది, ప్రశ్న కనిపించకుండా పోతుంది.

రెండు మాటలు తొందరగా. పేపర్‌ను ప్రీప్రింట్‌గా, అంటే రివ్యూకు ముందే అందరికీ కనిపించేలా పెట్టడానికి బయోఆర్కైవ్ అనే వెబ్‌సైట్ 2013 నుంచి ఉంది. సబ్మిట్ చేసిన రోజే అక్కడ పెట్టడంలో చాలా జర్నళ్లకు అభ్యంతరం లేదు. ఇక వారంలో అచ్చువేస్తామంటూ ఈమెయిళ్లు పంపే జర్నళ్ల విషయం. 2013లో సైన్స్ పత్రిక తరఫున జాన్ బోహానన్ కావాలనే తప్పులతో నింపిన ఒక పేపర్‌ను 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే 157 జర్నళ్లు అంగీకరించాయి. అలాంటి చోట డబ్బు కట్టి వేయించుకున్న మంచి పనిని కూడా తర్వాత ఎవరూ నమ్మరు.

అసలు ఇన్ని పేపర్లు ప్రశ్న లేకుండా ఎందుకు తయారవుతున్నాయి? ఉద్యోగాలు, ప్రమోషన్లు పేపర్ల లెక్కతో ముడిపడి ఉండటం ఒక పెద్ద కారణం. నిజంగా మూడు స్థాయిలను కలిపే పనికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో లెక్క చూపించాలి కాబట్టి మంచి ముక్కలు ముందే విడివిడిగా వెళ్లిపోతాయి. మిగిలిన ముక్కలను పోగుచేసి ఇంటిగ్రేటివ్ అన్న పేరుతో పంపుతారు. పరిశోధకులను జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో (ఆ జర్నల్ పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె) తూచవద్దని 2012లో రూపుదిద్దుకున్న డోరా ప్రకటన చెప్పింది. సంతకాలు చేసిన సంస్థలు చాలానే ఉన్నాయి. కానీ ఎంపిక కమిటీ ముందుకు వచ్చిన దరఖాస్తులో పేపర్ల సంఖ్య చూసే అలవాటు అంత తేలిగ్గా పోలేదు. కనీసం ఇంటిగ్రేటివ్ జర్నళ్లు తమ చేతిలో ఉన్న పనైనా చేయవచ్చు. సబ్మిషన్ ఫారంలో ఒక పెట్టె అదనంగా పెట్టి, మీ పేపర్లో ఏ స్థాయి తీసేస్తే ఏ ముగింపు కూలిపోతుందో వంద పదాల్లో రాయండని అడగవచ్చు. రివ్యూయర్లు అందరికంటే ముందు చదవాల్సింది ఆ వంద పదాలే.