కండలేరు నీళ్లు, కడలి నీళ్లు

2019 జులైలో చెన్నైకి నీళ్ల రైలు వచ్చింది. జోలార్‌పేటలో నింపుకొచ్చిన యాభై వ్యాగన్లు, ఒక్కో దానిలో యాభై వేల లీటర్లు, మొత్తం 25 లక్షల లీటర్లు. ఆ రైలుకు పూలదండలు కట్టారు. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ ఎండిపోయిన వేసవి అది. నేనూ అక్కడే ఉన్నాను. మా వీధిలో రాత్రే బిందెలు వరుసలో చేరేవి. ఎవరి బిందె ఎవరిదో తేలడానికి ఇంటి నంబరు పెయింటుతో రాసుకునేవాళ్లం. తెల్లవారుజామున లారీ హారన్ వినిపించగానే తలుపులన్నీ ఒకేసారి తెరుచుకునేవి.

నగరానికి ఉత్తరాన, మీంజూరు దగ్గరి కాట్టుపల్లిలో, సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే ప్లాంటు అప్పటికి తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. దాని సామర్థ్యం రోజుకు పది కోట్ల లీటర్లు. అంటే నలభై రైళ్ల నీళ్లు. దక్షిణాన నెమ్మేలిలో అంతే సామర్థ్యంతో ఇంకొకటి ఉంది. ఆ రెండూ లేకపోతే ఆ వేసవి ఎలా గడిచేదో ఊహించడానికే భయం వేస్తుంది. అందుకే కడలి నీటి ప్లాంట్లు దండగ అనేవారితో నేను ఏకీభవించలేను. అయితే వాటిని కరువుకాలపు భరోసాగా కాకుండా నగరానికి నిత్యం తాగునీరిచ్చే ప్రధాన వనరుగా చూడటం మొదలైంది. నా అభ్యంతరమంతా దాంతోనే.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాన్ని విడదీయడానికి ఈ ప్లాంట్లు చేసేది మన వంటింటి గోడకు తగిలించిన ఆర్‌వో యంత్రం చేసే పనే. సన్నటి పొరను చాపలా చుట్టి, మీటరు పొడవు చుట్టలుగా గొట్టాల్లో అమర్చి, వాటిలోకి నీటిని బలంగా నెడతారు. ఆ ఒత్తిడి ఎంతంటే, ఆరు వందల మీటర్ల లోతు నీటి అడుగున ఉండేంత. ఇలాంటి పొరను 1950ల చివర్లో అమెరికాలో సిడ్నీ లోబ్‌తో కలిసి తయారుచేసినవాడు మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్. ఆ తర్వాత యంత్రాలు ఎంతో మెరుగయ్యాయి. బయటికి పోయే ఉప్పునీటిలో మిగిలిన ఒత్తిడిని కూడా తిరిగి వాడుకుంటున్నారు. అయినా వెయ్యి లీటర్ల మంచినీటికి మూడు, నాలుగు యూనిట్ల కరెంటు కావలసిందే. ఉప్పును నీటి నుంచి విడదీయడానికి కనీసం కొంత శక్తి తప్పదని ప్రకృతే ఒక హద్దు గీసింది. పొర ఎంత మెరుగైనా ఆ హద్దు దాటలేం.

ఈ లెక్క ఇంటికి వర్తింపజేసి చూడండి. రోజుకు 500 లీటర్లు వాడే కుటుంబానికి ఈ నీళ్లే ఇస్తే, వాటి తయారీకే నెలకు యాభై యూనిట్లు ఖర్చవుతాయి. చాలా ఇళ్లలో ఫ్రిజ్ వాడే కరెంటుకన్నా ఇది ఎక్కువ. ప్లాంటు నుంచి మన మేడ మీది ట్యాంకు దాకా నీటిని తోడే ఖర్చు దీనికి అదనం. మీంజూరు ప్లాంటును హైదరాబాద్ సంస్థ ఐవీఆర్‌సీఎల్ స్పెయిన్ భాగస్వామితో కలిసి కట్టినప్పుడు, వెయ్యి లీటర్లకు 48 రూపాయల పైచిలుకు ధరతో పాతికేళ్లు కొనేలా ఒప్పందం కుదిరింది. చెరువులు నిండి పొర్లుతున్న ఏడాది కూడా ఆ ప్లాంటు భారం ఎవరో ఒకరు మోయాలి.

నీటి సంగతి తెలుగువారికి టీఎంసీల్లో చెబితేనే ఒంటబడుతుంది. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్‌ల కాలంలో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం ప్రకారం చెన్నైకి 15 టీఎంసీల కృష్ణా నీరు, దారిలో తరుగు పోగా సరిహద్దు దగ్గర 12 టీఎంసీలు అందాలి. శ్రీశైలం, సోమశిల, కండలేరు దాటి పూండి చేరే ఆ నీరు చాలా ఏళ్లలో పూర్తి వాటాగా అందలేదు. రోజుకు పది కోట్ల లీటర్ల ప్లాంటు ఏడాదంతా నడిస్తే 1.3 టీఎంసీలు ఇస్తుంది. మీంజూరు, 2024లో మొదలైన 15 కోట్ల లీటర్ల రెండోదానితో కలిపి నెమ్మేలిలోని రెండూ నాలుగున్నర టీఎంసీలు. 40 కోట్ల లీటర్ల పేరూరు ప్లాంటు కూడా తోడైతే దాదాపు 9.7. నాలుగు ప్రధాన జలాశయాల మొత్తం నిల్వ సామర్థ్యమే సుమారు 11 టీఎంసీలు! పక్క రాష్ట్రం దయ మీద, వాన దయ మీద ఆధారపడే నగరానికి ఈ అంకె ఎంత ధైర్యమిస్తుందో నాకు తెలుసు. దాని పక్కనే ఇంకో అంకె పెట్టాలి: అన్నీ పూర్తిగా నడిస్తే రోజుకు సుమారు 26 లక్షల యూనిట్ల కరెంటు. అందులో చాలా భాగం నేటికీ బొగ్గు నుంచే వస్తోంది. వానలను తారుమారు చేస్తున్నదీ ఆ బొగ్గు పొగే.

ఇక మిగిలిన ఉప్పునీరు. రెండు లీటర్లకు పైగా తోడితే ఒక లీటరు మంచినీరు వస్తుంది, మిగతాది దాదాపు రెట్టింపు ఉప్పదనంతో సముద్రంలోకే పోతుంది. తీరం కోసుకుపోతోందని, ఒడ్డున వేట తగ్గిందని నెమ్మేలి పక్కనున్న సూలేరికాట్టుకుప్పం మత్స్యకారులు మొరపెట్టుకుంటూ వచ్చారు. నగరం దాహం తీర్చే ఖర్చులో ఆ పడవల నష్టం కూడా రాసి చూపించాల్సిందే.

మనం వాడి వదిలే నీటిలో ఉప్పు సముద్రంలో ఉన్నదానితో పోలిస్తే ఎన్నో రెట్లు తక్కువ. కాబట్టి దాన్ని శుద్ధి చేయడానికి అంత ఒత్తిడి అక్కర్లేదు. చెన్నైలోనే కొడుంగైయూరు, కోయంబేడులోని ప్లాంట్లు ఒక్కొక్కటి రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల మురుగునీటిని ఆర్‌వో దాకా శుద్ధిచేసి పరిశ్రమలకు ఇస్తున్నాయి. కొత్త కడలి ప్లాంటుకు శంకుస్థాపన జరిగే ప్రతిసారీ, ఇలాంటివి ముందు ఎన్ని కట్టారని అడగాలి. 2015లో వరదలో మునిగి, నాలుగేళ్లకే రైలు నీళ్లు తాగిన నగరం అది. పళ్లికరణై చిత్తడి నేలను చెత్తతో, భవనాలతో కప్పేయకపోయి ఉంటే ఆ వరద నీరు కొంతైనా నేలలో ఇంకేది.

ఇదంతా విశాఖకు పనికొచ్చే పాఠం. ఉక్కు కర్మాగారం కోసం 153 కిలోమీటర్ల కాలువ తవ్వి ఏలేరు నీళ్లు తెచ్చుకున్నాం. కడలిని శుద్ధి చేయాలనుకుంటే ఆ పని ఒడ్డునే ఉన్న పరిశ్రమలతో మొదలుపెట్టాలి. జామ్‌నగర్ చమురు శుద్ధి కర్మాగారం చాలా ఏళ్లుగా తన నీటిని సముద్రం నుంచే తయారుచేసుకుంటోంది. ఖర్చును ఉత్పత్తి ధరలో కలుపుకోగల శక్తి పరిశ్రమకు ఉంది, బిందె పట్టుకుని నిలబడిన మనిషికి లేదు. పరిశ్రమలు వదులుకున్న ఏలేరు నీళ్లు కుళాయిలకు మళ్లితే, కొండవాలు కాలనీల్లో ట్యాంకరు కోసం కాపు కాసేవాళ్లకు ముందు అందాలి.