అల్లుడుగారి మైదా

(విజయవాడ. 2020 ఏప్రిల్ 14, ఉదయం తొమ్మిదిన్నర. అమ్మాయి గది తలుపేసుకుని ఆఫీసు పనిలో ఉంది. ఉగాదికని కాకినాడ నుంచి వచ్చి ఇరుక్కుపోయిన అత్తగారు, వంటింట్లో పిండి కలుపుతున్న అల్లుడు.)

అత్త: ఏంటండీ అల్లుడుగారూ, డబ్బాలో మైదా సగానికి దిగిపోయింది?

అల్లుడు: చింటూకి బొమ్మలు చేసుకోడానికండీ. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, రెండు చెంచాల నూనె, ముప్పావు కప్పు నీళ్లు. రంగుకి పసుపు.

అత్త: కప్పు ఉప్పా! ఎవరు తినాలండీ అది?

అల్లుడు: తినకూడదనేగా వేసింది. ఒకసారి నాకితే మళ్లీ నోట్లో పెట్టడు. బూజు కూడా తొందరగా పట్టదు.

అత్త: నాలుగేళ్లవాడు పెట్టడు. రెండేళ్లది ఊరుకుంటుందా? ముద్దలకి ముద్దలు మింగుతుంది. చిన్నపిల్లల కడుపులోకి అంత ఉప్పు వెళితే ప్రమాదం.

అల్లుడు: బుజ్జిదానికి వేరే ఏర్పాటుందండీ. శనగలు ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి పొయ్యడం...

అత్త: ఆ గిన్నెలోంచి ముక్కులోకి! పెద్ద మూతలు, గరిటెలు పడెయ్యండి దాని ముందు.

అల్లుడు: మోతండీ! మీ అమ్మాయి మీటింగులో ఉంది.

అత్త: అయితే చెక్క గరిటె, ప్లాస్టిక్ డబ్బాలు. అయ్యో, ముద్ద చేతికిలా అంటుకుపోతోందేంటి?

అల్లుడు: నీళ్లు ఎక్కువయ్యాయేమో...

అత్త: ఏమో ఏంటి, ఒక్కసారే కుమ్మరించారు. చివర్లో చెంచా చెంచా పోసుకోవాలి. పైగా రాళ్లుప్పు వేశారు! గరగరలాడదూ? వేలికి చిన్న గీత ఉన్నా పిల్లాడు గోల పెడతాడు. మెత్తటి ఉప్పు వెయ్యాలి, లేదా గోరువెచ్చటి నీళ్లలో కరిగించి పొయ్యాలి. ముందు ఇంకో గుప్పెడు మైదా వెయ్యండి.

అల్లుడు: మైదా అయిపోతోందన్నారు?

అత్త: అయిపోతోందన్నాను. వెయ్యొద్దనలేదు. ఫ్రిజ్ మీద ఈ కాగితమేంటి? "10 నుంచి 11: పిండి బొమ్మలు." గంటా! వాడు పది నిమిషాలు కూర్చుంటే గొప్ప. తర్వాత నేల గోకడానికి మనకి అరగంట.

అల్లుడు: మరెప్పుడు పెట్టమంటారు?

అత్త: స్నానానికి ముందు. కింద పాత దుప్పటి, ఒంటి మీద పాత చొక్కా. ఆట అవగానే వాణ్ణి అట్నుంచటే బకెట్ దగ్గరికి. మిగిలిన పిండి గట్టి మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో. రేపు నేను రైలెక్కేస్తే ఇవన్నీ చెప్పేవాళ్లుండరు.

అల్లుడు: టికెట్ కన్ఫర్మేనండీ. రోజూ చూస్తున్నాను.

అత్త: రోజూనా!

(అల్లుడు చేతులు కడుక్కోడానికి వెళ్లాడు. ఒక్క కేక.)

అల్లుడు: అత్తయ్యా, రక్తం! చేతినిండా!

అత్త: సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందండీ. కుంకం పసుపులో సున్నం కలిపేగా చేస్తారు! మంచినీళ్లతో కడగండి, మళ్లీ పచ్చబడుతుంది. చొక్కాకి కూడా పూసుకున్నారు. ఉతికి ఎండలో పడేస్తే మరక దానంతటదే వెలిసిపోతుంది. విజయవాడలో ఎండకి కరువా?

(పదయింది. టీవీలో ప్రధాని. లాక్‌డౌన్ మే 3 వరకు. కాసేపు ఇద్దరూ టీవీ వైపే చూశారు.)

అల్లుడు: మరి... మీ రైలు...

అత్త: డబ్బులు వెనక్కిస్తారు లెండి. చీటీ రాసుకోండి. మెత్తటి ఉప్పు ఒక పేకెట్. రాళ్లుప్పు రెండు కిలోలు.

అల్లుడు: రాళ్లుప్పు పనికిరాదన్నారు కదండీ?

అత్త: అది ఆవకాయకి. ఈ ఏడు ఇక్కడే పెట్టాలిగా మరి! ముక్కలు కొట్టడం వచ్చా మీకు?