మూడు లక్షల కిలోమీటర్ల పెద్దమనిషికి

మహారాజశ్రీ బండిగారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఇక్కడ నా నడుము కుశలంగా లేదు, అక్కడ, అంటే గేటు బయట వేపచెట్టు కింద, నీ లోపల ఏది కుశలంగా ఉందో పదహారేళ్ళుగా ఎవరికీ అంతుపట్టలేదు, అంచేత ఆ ముక్క వదిలేస్తున్నాను. ‘గారు’ కూడా ఇక్కడితో సరి. ప్రతి ఆదివారం నీ కింద వెల్లకిలా పడుకుని, నువ్వు కార్చే నల్లనూనె చెవిలో పోయించుకునేవాడికి నీతో మర్యాదలేమిటి.

నీ మీటరు 3,12,000 చూపిస్తోంది. అది అబద్ధమని నీకూ తెలుసు, నాకూ తెలుసు. మధ్యలో స్పీడు సెన్సరు పోయి ఎనిమిది నెలలు ముల్లు సున్నా మీదే కూర్చుంది, ఆ ఎనిమిది నెలల్లో మనం రెండుసార్లు తిరుపతి, ఒకసారి శ్రీశైలం వెళ్ళొచ్చాం, దోర్నాల దాటాక ఘాట్ రోడ్డులో ఎంత స్పీడులో పోతున్నానో ముందున్న ఆర్టీసీ బస్సుని చూసి అంచనా వేసుకున్నాను. సంబంధాల దగ్గర పిల్లాడి వయసు రెండేళ్ళు తగ్గించి చెప్పేవాళ్ళని చూశాను గానీ, ఇంత నిబ్బరంగా దాచినవాళ్ళని చూడలేదు.

మన ఈ చుట్టరికం 2020 లాక్‌డౌన్‌లో మొదలైంది. అంతకుముందు నువ్వెవరో నేనెవరో. పదివేల కిలోమీటర్లకోసారి ఆటోనగర్‌లో వదిలేస్తే సాయంత్రానికి కడిగి, తుడిచి పంపించేవాళ్ళు. షెడ్లు మూసేసరికి నాకు ఫోనులో వీడియోలు దొరికాయి. ఆయిల్ మార్చడం ఎంతసేపు, కింద బోల్టు విప్పడం, పాతది కార్చడం, ఫిల్టరు మార్చడం, కొత్తది పొయ్యడం, దీనికి మేస్త్రికి వెయ్యి రూపాయలెందుకు అని లెక్కేశాను. ఆ వెయ్యి మిగల్చడానికి ముందు ఒక జాకీ కొన్నాను. జాకీ ఒక్కదాన్నీ నమ్ముకుని బండి కిందికి దూరకూడదని ఆ వీడియోలోనే చెప్పారు, అది నిజం కూడా, కాబట్టి స్టాండ్లు కొన్నాను. తర్వాత సాకెట్ల పెట్టె, ఫిల్టరు విప్పే పానా, గ్రీజు గన్ను, చివరికి ఇవన్నీ పెట్టుకోవడానికి ఇనప బీరువా. మా ఆవిడ ఉల్లిపాయల బుట్ట పెట్టుకునే మెట్ల కింది జాగా ఇప్పుడు ఆటోనగర్ బ్రాంచి. ఇప్పటికి నలభై మూడు వేలు ఖర్చుపెట్టి, నిక్కచ్చిగా లెక్కేస్తే, పదకొండు వేలు మిగిల్చాను.

మొదటి గొడవ గుర్తుందా? కొత్త ఆయిల్ పోసిన మర్నాడు పొద్దున చూస్తే కింద అట్టముక్క మీద రూపాయి బిళ్ళంత మచ్చ. ‘ముసలిదైపోయింది, కారుతోంది’ అని ఇంట్లో నీ మీద చెప్పేశాను. నిజానికి ఆ డ్రైన్ ప్లగ్గుకి ఒక రాగి వాషరు ఉంటుంది, బిగించినప్పుడు అది నలిగి సందు మూస్తుంది, అందుకే ఆయిల్ మార్చినప్పుడల్లా కొత్తది వెయ్యాలి. ఇరవై రూపాయలు. నేను పాతదే వేశాను, కారుతోందని ఇంకాస్త బిగించాను, ఇంకా కారుతోందని పానాకి ఇనపగొట్టం తొడిగి మరీ బిగించాను, అప్పుడు పానా ఒక్కసారిగా అడ్డూ ఆపూ లేకుండా హాయిగా తిరిగింది. ఆ హాయి ఎంత భయంకరమైనదో పానా పట్టినవాడికే తెలుస్తుంది. బోల్టు స్లిప్పయింది. ఆటోనగర్ మేస్త్రి కొత్తగా మర కోసి, పెద్ద సైజు ప్లగ్గు వేస్తూ ‘ఎవరండీ బాబూ దీన్నిలా బిగించింది’ అన్నాడు. ‘ఎవరో హైవే మీద షెడ్డువాడు’ అన్నాను. నువ్వక్కడే ఉన్నావు.

డీజిల్ ఫిల్టరు మార్చిన సంగతి ఎక్కువ చెప్పను. నువ్వు స్టార్టవలేదు, నేను బ్యాటరీ దిగిపోయేదాకా సెల్ఫ్ కొట్టాను, తర్వాత పాలబ్బాయీ, ఎదురింటి మాస్టారూ, ఇస్త్రీ బండి ఆయనా కలిసి వీధి చివరిదాకా తోశారు. లైనులో గాలి చేరితే ఎంత తోసినా ఇంజను అందుకోదని, ఫిల్టరు మీదున్న చేతిపంపుని గట్టిపడేదాకా నొక్కితే చాలని మాస్టారి నడుం పట్టేశాక తెలిసింది. ఆయన ఇప్పటికీ నిన్ను చూస్తే అటు పక్కనుంచి వెళ్తారు.

ఇక 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్‌నగర్‌లోకి వచ్చేసింది. నీళ్ళు నీ చక్రాల్ని పట్టుకునే టైముకి బ్యాటరీ ఊడబీకి భుజం మీద పెట్టుకుని మేడెక్కాను, ఆ పూటకి చేతనైంది అదే. తర్వాత సీట్ల దాకా వచ్చాయి. మేడ మీద నుంచి చూస్తే నీ పైకప్పూ, దాని మీద ఎవరింటిదో ప్లాస్టిక్ బిందే కనిపించేవి. నీళ్ళు తీశాక చుట్టుపక్కలవాళ్ళు స్టార్ట్ చెయ్ స్టార్ట్ చెయ్ అన్నారు. చెయ్యలేదు. సిలిండర్లోకి నీళ్ళు పోయి ఉంటే పిస్టను గాలిని నొక్కినట్టు నీటిని నొక్కలేదు, లోపల రాడ్డు వంగిపోతుంది, ఇంజను ఇంజనంతా విప్పాలి. అన్ని ఆయిళ్ళూ కార్చేశాను. వెనక చక్రాల మధ్య గేర్లుండే డబ్బా, అదే డిఫరెన్షియల్, దాని ప్లగ్గు విప్పితే తేనెలా రావాల్సిన గేరాయిల్ ఫిల్టరు కాఫీలా వచ్చింది, పాలు ఎక్కువేసిన కాఫీ, అంచున చిన్న నురగ కూడా. గాలి పోయే గొట్టంలోంచి బుడమేరు లోపలికి వెళ్ళి ఆయిల్లో కలిసిపోయింది. రెండుసార్లు కొత్తది పోసి, కార్చి, మూడోసారి పోసింది ఉంచాను. అప్పటికి మా వీధిలో కొత్త బండ్లు, లోపల కంప్యూటర్లన్నీ తడిసిపోయి, ఒక్కొక్కటీ లారీలెక్కి వెళ్ళిపోతున్నాయి. నువ్వు పన్నెండో రోజున, రెండో సెల్ఫ్‌కి, గుప్పుమని తెల్లపొగ ఊది అందుకున్నావు. ఆ రోజు నిన్ను నేనేమీ అనలేదు, గమనించే ఉంటావు.

కానీ ఆ రోజునుంచే ఆ శబ్దం. గుంతలో పడ్డప్పుడల్లా ఎడమ పక్క ముందు నుంచి ‘టక్’. రెండు కాదు, ఒక్కటే, చెరుకుగడ విరిచినట్టు.

నవంబరులో నీకు పదిహేనేళ్ళు నిండాయి. ఢిల్లీలో పుట్టి ఉంటే, పదేళ్ళు దాటిన డీజిల్ బండి తిరగడానికి వీల్లేదని 2015లోనే హరిత ట్రిబ్యునల్ చెప్పింది కాబట్టి, నీకీ వయసు చూసే యోగం ఉండేది కాదు. ఇక్కడ ఐదువేలు రెన్యువల్ ఫీజు, ఆ పైన గ్రీన్ ట్యాక్సు కట్టి నిన్ను బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాను. ఇంటి దగ్గర నాలుగు నెలలుగా వెలగని కుడి ఇండికేటరు అక్కడ పెళ్ళివారి సీరియల్ లైటులా మిలమిల్లాడింది. ఇంకో ఐదేళ్ళు రాసిచ్చారు. గేటు దాటి మలుపు తిరగ్గానే ఇండికేటరు ఆరిపోయింది, స్పీడ్ బ్రేకరు మీద ‘టక్’ అన్నావు.

దాని వెనక పడ్డాను. ముందు లింకు రాడ్లు మార్చాను, స్వయంగా. శబ్దం పోలేదు. లోయర్ ఆర్మ్ ఊడదీసి, ఆటోనగర్ తీసుకెళ్ళి బుష్షులు ప్రెస్సు మీద కొట్టించుకొచ్చి బిగించాను. పోలేదు. స్పేర్ పార్టుల కొట్లో షాక్ అబ్జార్బర్లు అడిగితే కౌంటరు మీది కుర్రాడు ‘మోడలెంత అన్నా?’ అన్నాడు. 2009 అన్నాను. వాడు ఏమీ అనకుండా లోపలికెళ్ళి వాళ్ళ నాన్నని పిలుచుకొచ్చాడు. ఆయన నా వంక చూసిన చూపులో ధర కంటే జాలే ఎక్కువుంది. జత వేశాను, అదీ పోలేదు. మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పితే ఒక్క చప్పుడు లేదు, ‘సౌండేం లేదండీ, మీరు ఊరికే టెన్షన్ పడుతున్నారు’ అని దిగిపోయాడు. మేస్త్రి పక్కనుంటే గుంతల్ని నేనే మెల్లగా, బాలింతని తీసుకెళ్తున్నట్టు దాటిస్తానని ఆ తర్వాత అర్థమైంది. మొత్తం పద్నాలుగు వేల చిల్లర. ఈలోగా వీధిలో అందరికీ చెప్పాను, వరద నీళ్ళు పట్టాక ఇంక అది మనిషి కాలేదు, వయసైపోయింది పాపం అని.

మొన్న ఆదివారం బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూద్దామని బానెట్ ఎత్తి, ఆనుకోవడానికి బ్యాటరీ మీద చెయ్యి వేశాను. అది కదిలింది. కాస్త ఎత్తి చూస్తే కింద ట్రేలో ఒక మూల రంగంతా లేచిపోయి, పీచు పెట్టి తోమిన గిన్నెలా ఇనుము తళతళలాడుతోంది. బ్యాటరీని అదిమిపట్టే క్లాంపు రాడ్డు ఒకటి ఊరికే వేలాడుతోంది, దాని కొసన నట్టు లేదు. ఎడమ పక్క. ముందు.

రిపేరు చేసిన ప్రతిసారీ ఒకటో రెండో బోల్టులు మిగిలిపోతే, అవి అవసరం లేనివేమో అనుకుని నేనొక హార్లిక్స్ సీసాలో వేస్తూ ఉంటాను. సీసా నేల మీద బోర్లించాను. వరద బురద ఎండి గట్టిగా అంటుకున్న పది నంబరు నట్టు ఒకటే ఒకటుంది. మేడెక్కిన రోజు జేబులో వేసుకున్నదై ఉంటుంది. వైరు బ్రష్షుతో రుద్ది, చేత్తో నాలుగు చుట్లు తిప్పి, పానాతో అర చుట్టు బిగించాను. గొట్టం తొడగలేదు.

వారమైంది, శబ్దం లేదు. కొత్త షాక్ అబ్జార్బర్లు ఇప్పటికి సర్దుకున్నాయని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ ‘అలాగా’ అని హార్లిక్స్ సీసా వైపు ఒకసారి చూసింది, అంతే. నువ్వు మాత్రం నోరు మెదపకు.

ఇట్లు,
నీ కింద పడుకునేవాడు

తా.క.: పొద్దున అట్టముక్క మీద మళ్ళీ రూపాయి బిళ్ళంత మచ్చ కనపడింది. వాషరు కొత్తదే వేశాననే గుర్తు. ఈసారి మాత్రం తప్పు నీదే.