పోలీసు స్టేషను భవనానికి సంఘం నిధులు ఇవ్వకూడదు

శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతంలోని ఒక మండలంలో కొత్త పోలీసు స్టేషను భవనానికి కాలిఫోర్నియాలో ఉంటున్న మన ప్రవాసుల సంఘం నిధి నుంచి విరాళం ఇవ్వాలన్న ప్రతిపాదనపై వచ్చే సర్వసభ్య సమావేశంలో ఓటింగు జరగనుంది. ప్రతిపాదించిన మిత్రులు సొంత ఊరి మీద మమకారంతోనే ఈ పనికి పూనుకున్నారని నాకు తెలుసు. అయినా నేను వ్యతిరేకంగా ఓటు వేస్తాను, మిమ్మల్నీ అలాగే వేయమని కోరుతున్నాను.

అవసరం లేదని నేను అనడం లేదు. మన తీరం నుంచి మగవాళ్లు వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా, కూలి పనులకు చెన్నై, హైదరాబాదు దాకా వెళ్తారు. 2018లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలై వచ్చిన మన జాలర్లు అలా వలస వెళ్లినవాళ్లే. ఊళ్లో మిగిలేది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. దెబ్బలు తిన్న ఒక ఆడమనిషి బస్సు పట్టుకొని దూరంలో ఉన్న స్టేషనుకు వెళ్తే, పట్టుబడిన మోటారు సైకిళ్లు తుప్పు పడుతున్న వాకిలి దాటి, రికార్డుల బీరువాల పక్కన నిలబడి, డ్యూటీలో ఉన్నవాళ్లందరూ వింటుండగా తన గోడు చెప్పుకోవలసి వస్తుంది. ఆమెకు తలుపు వేసుకొని మాట్లాడే గది కావాలి, అక్కడ పనిచేసే మహిళా కానిస్టేబుళ్లకు సరైన మరుగుదొడ్డి కావాలి.

అయితే వీటికి డబ్బు ఎవరు పెట్టాలన్నదే ప్రశ్న. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో పోలీసు రెండో అంశం, అంటే అది రాష్ట్ర ప్రభుత్వం చూసుకోవలసిన పని. స్టేషన్లు కట్టడానికి రాష్ట్రానికి పోలీసు గృహనిర్మాణ సంస్థ కూడా ఉంది. మనం కాలిఫోర్నియాలో చూస్తున్న పద్ధతిని ఒక్కసారి తలచుకోండి. ఇక్కడ ఒక నగరం ఇలాంటి నిర్మాణాలకు ఆస్తి పన్నుతో తీర్చే బాండ్ల (అప్పు పత్రాల) ద్వారా అప్పు తేవాలంటే ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. 2020 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు అగ్నిమాపక కేంద్రాలు, పోలీసు స్టేషన్లు తదితరాల కోసం 62.85 కోట్ల డాలర్ల బాండ్లను ఆమోదించారు. ఆ అప్పును ఆస్తి పన్ను రూపంలో ఊరంతా తీరుస్తుంది గనుక ఆ స్టేషను ఏ ఒక్కరికీ రుణపడి ఉండదు.

దాతల డబ్బుతో కట్టిన స్టేషను సంగతి అలా కాదు. గుమ్మం పక్కన శిలాఫలకం మీద మన పేర్లుంటాయి. రేపు అదే గుమ్మంలోకి ఒక జీడితోట కూలీ వచ్చి, ఆ పేర్లలో ఒకరి బావమరిది తన స్థలం ఆక్రమించాడని ఫిర్యాదు ఇస్తే, ఎస్సై ఎంత నిజాయతీపరుడైనా ఆ కూలీకి నమ్మకం ఎలా కుదురుతుంది? ఆ పలక చదివి సగం దారిలోనే వెనక్కి తిరిగే మనుషులు ఉంటారు. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన జిల్లా మనది. డబ్బున్నవాళ్ల వైపే పోలీసులు ఉంటారన్న అనుమానం అక్కడ ఇంకా చల్లారలేదు, దానికి మనం ఆజ్యం పోయకూడదు.

మరి చేయగలిగింది ఏమిటి? రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు చెప్పిన 29 అంశాల్లో పోలీసు లేదు గనుక స్టేషను మంజూరు చేసే అధికారం గ్రామసభకు లేదు. కానీ మండలంలోని గ్రామసభలన్నీ తీర్మానం చేసి పంపితే, బడ్జెట్‌లో కేటాయింపు అడగడానికి శాసనసభ్యుడికి అది బలమవుతుంది. ఆ తీర్మానాలను జిల్లా ఎస్పీకి, హోం శాఖకు చేర్చి, ఫైలు కదిలేదాకా వెంటపడే పని అక్కడ ఉన్న మన సంఘం ప్రతినిధులు చేయగలరు.

డబ్బే ఇవ్వాలనుకుంటే ఫిర్యాదుదారులకు ఇద్దాం. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా పొందవచ్చు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. 15100కు ఫోను చేస్తే చాలు. ఈ సంగతులు చెప్పి, ఫిర్యాదు రాసిపెట్టి, తోడుగా స్టేషను దాకా వెళ్లే చదువుకున్న అమ్మాయిలకు జీతం, బస్సు ఖర్చులు మనం భరించవచ్చు.

ఈ మేరకు తీర్మానానికి సవరణను కార్యవర్గానికి పంపాను. బలపరచదలచిన సభ్యులు సమావేశానికి ముందే తమ పేర్లు కార్యదర్శికి అందజేయవలసిందిగా మనవి.