సూ సిటీ విమాన ప్రమాదం: బాధ్యత తనిఖీదా, తయారీదా?

(1989 జులై 19న డెన్వర్ నుంచి షికాగోకు బయలుదేరిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232వ విమానం తోకలోని ఇంజన్ ఫ్యాన్ డిస్కు (ఫ్యాన్ రెక్కలను పట్టి ఉంచే లోహపు చక్రం) గాలిలోనే బద్దలైంది. ఆ డీసీ-10 అయోవా రాష్ట్రంలోని సూ సిటీ రన్‌వే మీద కూలింది. అందులోని 296 మందిలో 112 మంది మరణించారు. అందుకు ప్రధాన బాధ్యులెవరన్నదే ఈ వాదం.)

వాది: నా అభియోగం తనిఖీ మీద. 1988 ఏప్రిల్‌లో యునైటెడ్ సంస్థ వర్క్‌షాపులో ఆ డిస్కుకు ఫ్లోరసెంట్ ద్రవంతో పరీక్ష జరిగింది. ఆ ద్రవం పగుళ్లలోకి ఇంకి, అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. అప్పటికే పగులు సుమారు అర అంగుళం పొడవు ఉండి ఉంటుందని ఇంజన్ తయారీదారే లెక్కగట్టాడు. పగులు లోపల ఆ పరీక్షలో వాడే రసాయనాల ఆనవాళ్లు కూడా దొరికాయి. ద్రవం చేరిన చోటికి చూపు చేరలేదు. ఆ తర్వాత డిస్కు మరో 760 సార్లు ఎగిరింది.

ప్రతివాది: ఆ చూపు ఏ పరిస్థితిలో చూసిందో కూడా చెప్పండి. నూట అరవై కిలోలకు పైబడిన డిస్కును నడిమి రంధ్రంలోంచి తీగతాడు దూర్చి వేలాడదీస్తే, సరిగ్గా ఆ రంధ్రపు గోడ మీదే పగులు ఉంది. తనిఖీ పద్ధతులు మనిషి పరిమితులను తగినంతగా లెక్కలోకి తీసుకోలేదని అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డే తేల్చింది. పైగా ఆ పగులుకు మూలం వర్క్‌షాపులో లేదు. టైటానియం కరిగించినప్పుడే నైట్రోజన్ చేరి గట్టిపడిన లోపం లోహంలో మిగిలిపోయింది. 18,000 సార్లు ఎగరవచ్చన్న డిస్కు 15,503వ సారికే బద్దలైంది.

వాది: లోహం నిర్దోషమని నమ్మలేం కాబట్టే కదా తనిఖీ పెట్టుకున్నది! ఆ నమ్మకమే ఉంటే ఫ్లోరసెంట్ ద్రవంతో పనేముంది?

ప్రతివాది: అలాగైతే అదే సూత్రం విమాన నిర్మాతకూ వర్తించాలి. డిస్కు బద్దలు కావచ్చని తెలిసినప్పుడు, ద్రవపు ఒత్తిడితో విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ దాని ముక్కలు చేరే చోటే ఎందుకు ఉంచారు? రెండో వ్యవస్థ పంపులు ఆ ఇంజన్ మీదే ఉన్నాయి. మొదటి, మూడో వ్యవస్థల గొట్టాలు పక్కనున్న కుడి తోకరెక్కలో తెగిపోయాయి. కెప్టెన్ ఆల్ హేన్స్, ఆయన సిబ్బంది, ప్రయాణికుడిగా ఉన్న శిక్షకుడు డెనిస్ ఫిచ్ కలిసి, మిగిలిన రెండు ఇంజన్ల బలాన్ని హెచ్చుతగ్గులు చేస్తూ ముప్పావుగంట సేపు విమానాన్ని నడిపి 184 ప్రాణాలను నిలబెట్టారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1985లో, హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పోయిన జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంలో 520 మంది మరణించారు. అయినా, హైడ్రాలిక్ ద్రవం కారిపోతున్నప్పుడు మూసుకునే కవాటాన్ని డీసీ-10లో మూడో వ్యవస్థకు అమర్చింది సూ సిటీ తర్వాతనే.

వాది: ఆ ఆలస్యాన్ని నేను సమర్థించను. బోర్డు సభ్యుడు జిమ్ బర్నెట్ మిగిలినవారితో విభేదించి, డిస్కు తయారీలోని లోపాన్నీ విమాన నిర్మాణాన్నీ కారణాలలో చేర్చాలన్నారని నాకు తెలుసు. కానీ ఆ ఏప్రిల్‌లో డిస్కును పక్కన పెట్టి ఉంటే, ఆ రోజు గొట్టాలు తెగేవే కావు.

ప్రతివాది: ఆ ఒక్క డిస్కు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. మరో డీసీ-10 తోక ఇంజన్‌లో, తనిఖీకి అందని మరో లోపంతో డిస్కు బద్దలైతే దాని ముక్కలు వెళ్లేదీ ఆ గొట్టాల మీదికే. అందుకే నేను మొదట నిలదీసేది నిర్మాతను.