జపాన్ వారంటీ కార్డు గారికి ఒక హైదరాబాదీ విన్నపం

మహారాజశ్రీ వారంటీ కార్డు గారికి,

బేగంపేట నుంచి ఇప్పుడే వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా రాస్తున్నాను. మధ్యాహ్నమంతా మీ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఏసీ కింద టోకెన్ పట్టుకుని కూర్చుంటే మెడ పట్టేసింది. రాత వంకరగా ఉంటే మన్నించాలి.

తమరిని ఎంత అపురూపంగా చూసుకున్నామో తమకు తెలియంది కాదు. టోక్యోలో కెమెరా కొన్నప్పుడు షాపాయన తమరి మీద తేదీ రాసి, ముద్ర కొట్టి, రెండు చేతులతో అందించి వంగి దండం పెట్టాడు. మర్యాద కదా అని నేనూ వంగాను. అప్పట్నుంచీ మా బీరువాలో ఇంటి పత్రాల పక్కన తమరి మకాం.

మెనూ అంతా జపనీస్‌లోనే ఉంటుందన్నారు. పోనీలే, ఫొటోలు తెలుగులోనే వస్తాయిగా అనుకున్నాం. ఛార్జర్ పిన్నులు మన ప్లగ్గులో దూరవన్నారు. కోఠిలో అడాప్టర్లకు కరువా? ‘జపాన్ యెన్ విలువ పడిపోయింది బావా, ఇదే టైము’ అంటూ ఎక్సెల్ షీటు వేసి మరీ నన్ను ఎగదోసిన బామ్మర్ది ఇప్పుడు ఫోనెత్తడం లేదు. అదీ పోనీ. తమరి సంగతి మాత్రం వదల్లేను.

మొన్న కొంపల్లిలో మా పిన్ని కూతురి పెళ్లి. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకి కెమెరా బిగుసుకుపోయి, స్క్రీన్ మీద రెండు లైన్ల జపనీస్ ప్రత్యక్షమైంది. ఒక చేత్తో కెమెరా, ఇంకో చేత్తో ఫోను. ఫోన్ కెమెరాతో అసలు కెమెరాని చదివించే దుస్థితి. లెన్సు సరిగ్గా బిగించమని దాని అర్థమట. తీశాను, బిగించాను, తుడిచాను, మళ్లీ బిగించాను. ఈలోగా అక్కడ ముహూర్తం దాటిపోయింది. చివరికి ఆ ఘట్టాన్ని పురోహితుడి మనవడు ఫోన్లో తీశాడు. బాగానే తీశాడు, ఆ ఒళ్లుమంట వేరే.

పోన్లే, వారంటీ ఉందిగా అని తమరిని వెంటబెట్టుకుని ఇవాళ వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి తమరిని అటు తిప్పింది, ఇటు తిప్పింది. డబ్బా ఆరు వైపులా ఎమ్మార్పీ స్టిక్కర్ కోసం, ఇంపోర్టర్ పేరు కోసం వెతికింది. సీరియల్ నంబర్ టైప్ చేసి చూసింది.

‘సిస్టమ్‌లో చూపించట్లేదు సర్. ఇది ఇండియా పీస్ కాదు కదా.’

‘మీ కంపెనీదే కదమ్మా?’

‘మా కంపెనీదే సర్. కానీ మాది కాదు సర్.’

ఇల్లరికపుటల్లుడి పెత్తనంలా, తమరి అధికారం అత్తారి గడప లోపలేనని నాకప్పుడు తెలిసింది. ఆ అమ్మాయిని ఏమనగలం? ఆ స్క్రీన్ ఏం చెబితే అదే చెప్పింది పాపం. కానీ వెనకనుంచి ఇంకో పెద్దమనిషి వచ్చి ‘గ్రే మార్కెట్ సరుకు సర్ ఇది, కంపెనీ దారిన కాకుండా పక్కదారిన వచ్చింది’ అన్నాడు చూడండి, అక్కడ కాలింది నాకు.

ఏది గ్రే మార్కెట్? చీకటి సందులో కొన్నానా, చొక్కాలో దాచి తెచ్చానా? పాస్‌పోర్టు చూపించి, పక్కా బిల్లుతో కొన్న వస్తువది. జపాన్ వాడు 2019 అక్టోబర్ నుంచి అందరి దగ్గరా వసూలు చేస్తున్న 10 శాతం పన్ను, టూరిస్టువి కదా అని నాకు మాఫీ చేశాడు. ఇటు శంషాబాద్‌లో, పన్ను కట్టాల్సిన సరుకుందని చెప్పుకునే రెడ్ ఛానెల్‌లోకి నేనే వెళ్లి డ్యూటీ కట్టాను. అందరూ తిట్టుకునే కస్టమ్స్‌వాళ్లు కూడా బిల్లు చూసి, లెక్క కట్టి, రసీదిచ్చి పంపారు. రెండు ప్రభుత్వాలు నన్ను నమ్మాయండీ. డబ్బు తీసుకున్న కంపెనీకే నా మీద అనుమానం!

కెమెరా అడుగున ‘మేడ్ ఇన్ థాయ్‌లాండ్’ అని ఉంది. అంటే అది జపాన్‌లో పుట్టింది కూడా కాదు. ఇక్కడ షాపుల్లో అమ్మేదాని అడుగునా అదే రాసుంది. అవే మరలు, అదే సెన్సార్, అదే లెన్సు మౌంటు. ఒకటి ఇటొచ్చింది, ఇంకొకటి అటెళ్లింది, అంతే తేడా. కెమెరా దేశాలు దాటొచ్చు, డబ్బు దాటొచ్చు, లాభం ఎంచక్కా దాటొచ్చు. స్క్రూడ్రైవర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం సరిహద్దులు గుర్తొస్తాయి. ఎందుకో తెలీనంత అమాయకులం కాదు. ఏ దేశంలో ఎంతకు అమ్మాలో మీరు గీసుకున్న గీతలు చెరిగిపోకూడదు, ఒక దేశం రేటు చూసి ఇంకో దేశంవాడు ఆశపడకూడదు. ఆ గీతకి కాపలా కుక్కవి నువ్వు. వారంటీ అని పేరొకటి, సిగ్గులేకపోతే సరి.

క్షమించాలి, నోరు జారాను. తమరు.

డబ్బులిస్తాను, బాగుచేయండి అంటే ముందు ఎస్టిమేట్ ఫీజు కట్టమన్నారు. పార్ట్ ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో లేదో చెప్పలేరట. అదే జపాన్‌లో ఇస్తే ఏడాదిలోపు ఉచితమట. వీసా, టికెట్టు మాత్రం మనవే. కెమెరాని తీసుకెళ్లేముందు శంషాబాద్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ కూడా రాయించుకోవాలి, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మళ్లీ డ్యూటీ అడుగుతారు. ఉచిత రిపేరుకి ఇంత ఖర్చు మా వంశంలో ఎవరూ పెట్టలేదు.

పిన్నికి ఆల్బమ్ కావాలట. పురోహితుడి మనవడి నంబర్ తీసుకున్నాను.

ఇట్లు,
మీ సిస్టమ్‌లో కనబడని కస్టమర్